నాలుగో నంబరు డబ్బా

జూన్ 4, ఆదివారం

ప్రియమైన కంచుకు,

చెవులపిల్లి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ నీ కుశలం నా చెవిన పడి తొమ్మిదేళ్ళయింది కనుక సగం కుశలోపరి అని రాస్తున్నాను. ఇటు సగం బాగానే ఉంది. నేనూ మా ఆయనా ఉద్యోగాలు ముగించి ఇంట్లో ఒకరి కాళ్ళకు ఒకరం అడ్డం పడుతున్నాం. అటు సగం నువ్వే పూర్తి చెయ్యాలి. మీ ఆయనకు నా నమస్కారాలు చెప్పు. నా పేరు వింటే ముఖం తిప్పుకుంటారేమో, అయినా చెప్పు.

కవరు మీద దస్తూరి చూసి చించిపారెయ్యకుండా ఇంతదాకా చదివావంటే అదే పదివేలు.

నిజానికి నీకు ఉత్తరం రాయాలని నేనేమీ కూర్చోలేదు. పోయిన మంగళవారం మా ఇంటి కరెంటు గురించి ఒక సందేహం వచ్చి కరెంటు ఆఫీసుకు ఫోన్ చేశాను. మనిషెవరో పలుకుతారనుకుంటే రికార్డులోంచి నువ్వు పలికావు. మీ ఫోను మాకు ముఖ్యం, దయచేసి వేచి ఉండండి అన్నావు. పదకొండు నిమిషాలు వేచి ఉన్నాను. నీ మాట నేను అంత బుద్ధిగా విన్నది అదే మొదటిసారి అనుకుంటాను. తీరా మనిషి లైన్లోకి వచ్చి ఏం కావాలమ్మా అంటే, అడగాల్సింది మర్చిపోయి పెట్టేశాను. నీ గొంతు ఏమీ మారలేదు. ముఖ్యం అన్న మాట దగ్గర అర క్షణం ఆగి దిగడం కూడా అలాగే ఉంది. ఆ ఆగడం కోసం మనిద్దరం ఒక మధ్యాహ్నమంతా పోట్లాడుకున్నాం, గుర్తుందా? నేను కత్తిరించేస్తానన్నాను, నువ్వు కత్తిరిస్తే మైకు ముందు నుంచి లేచిపోతానన్నావు.

ఇక పని సంగతి. మా అమ్మాయి నీకు తెలుసు. స్టూడియోకి తీసుకొస్తే నీ ఒళ్ళో కూర్చుని మైకు మీది స్పాంజి తొడుగు కొరికేసిన పిల్ల. ఇప్పుడు ఎముకల ఆసుపత్రిలో రోగుల చేత వ్యాయామాలు చేయిస్తోంది. దానికి ఈమధ్య ఒక కోరిక పుట్టింది. చూపు లేనివాళ్ళ కోసం ఒక గ్రంథాలయం ఉందట. ఎవరైనా సరే ఇంట్లోనే పుస్తకం చదివి, శుభ్రంగా రికార్డు చేసి పంపితే తీసుకుంటారట. దానికి ఏ సామాను కొనాలో చెప్పమ్మా అని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. ఇరవై ఆరేళ్ళు స్టూడియోలో రికార్డింగు చేసిన తల్లికి ఇదొక ప్రశ్నా అనుకుంది. నిజం చెప్పనా? నాకు తెలియదు. ఇంట్లో రికార్డింగు నేను ఒక్కరోజు కూడా చేసి ఎరగను.

ఇప్పుడు అంతా ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బాలోనే జరిగిపోతోందని నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క మైకు వైరు, ఇంకో పక్క కంప్యూటరు వైరు. మైకు నుంచి వచ్చే సన్నటి కరెంటును పనికొచ్చేంత పెద్దది చేసే ప్రీయాంప్ కూడా దాని కడుపులోనే ఉంటుందట. మన రోజుల్లో ప్రీయాంప్ అంటే ఇద్దరు పట్టుకుని ఎత్తే ఇనుప పెట్టె. అది ఇంత డబ్బాలో ఒక మూల నక్కి కూర్చుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకని అరువు తెచ్చి పోల్చి చూస్తున్నాను. బూడిదరంగుది ఒకటి, అమ్మాయితో పనిచేసే గిటారు పిచ్చివాడిది. నీలంరంగుది ఒకటి, వీధి చివర సామాన్ల కొట్టాయన నెల రోజులు ఉంచుకోమన్నాడు. మూడోది మన టంకం తాత ఇచ్చిన పాత ప్రీయాంప్. ఆయన గుర్తున్నాడుగా, స్టూడియోలో రిపేర్లు చేసేవాడు, దగ్గరికెళితే టంకం వాసన వచ్చేది. ఆ పెట్టెను మైకుకీ బూడిదరంగు డబ్బాకీ మధ్య పెట్టి వాడాలి. మోసుకొచ్చేసరికి మా ఆయన నడుం పట్టేసింది.

చిక్కేమిటంటే, మూడింట్లోనూ వెనక ఒక చప్పుడు. సన్నగా సుయ్ మంటూ. మాటకీ మాటకీ మధ్య ఖాళీలో స్పష్టంగా. మా ఆయన ఏమీ లేదంటాడు. ఆయనకి కాలింగ్ బెల్లే వినపడదు.

నువ్వు తొమ్మిదేళ్ళుగా ఇంట్లోనే రికార్డు చేసుకుంటున్నావని విన్నాను. ఎందుకు ఇంట్లో చేసుకోవలసి వచ్చిందో కూడా నాకు తెలుసు. అది దాటేసి రాస్తే నన్ను ఇంకా తిడతావు కనుక రాసేస్తున్నాను. నేను మూడు వారాలు జ్వరంతో మంచంలో ఉన్నప్పుడు, మనం రికార్డు చేస్తున్న ఆ పెద్ద నవలలో పన్నెండు అధ్యాయాలు నువ్వు స్టూడియోలోనే చదివానన్నావు. నా బదులు వచ్చిన మీసాలాయన కూడా అదే అన్నాడు. తిరిగొచ్చి వింటే వాటి వెనక సుయ్ మని చప్పుడు. నువ్వు అప్పుడే ఒక చవక డబ్బా కొనుక్కుని ఉన్నావు. ఇవి ఇంట్లో చదివి తెచ్చి అతికించినవని నేను మేనేజరు ముందు చెప్పాను. మీసాలాయన నిన్ను కాపాడుతున్నాడనీ అన్నాను. మేనేజరు తనకేమీ వినపడలేదన్నాడు. కానీ చెవులపిల్లి చెప్పింది కదా అని నవలంతా పక్కనపెట్టి, మొదటినుంచీ ఇంకొకరి చేత చదివించాడు. ఆ నవల చదివే అవకాశం కోసం నువ్వు మూడేళ్ళు ఎదురు చూశావు. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర నిలబడి, నీ చెవులకున్న విలువ నా మాటకి లేదా అని అడిగావు. నేను హెడ్‌ఫోన్స్ తియ్యకుండా లేదన్నట్టు తలూపాను.

ఆ రోజు అన్న మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోవడం లేదు. విన్నది విన్నానన్నాను. కానీ ఇంటి రికార్డింగులో నాకంటే నీకే ఎక్కువ తెలుసని ఒప్పుకోవడానికి నాకు నామోషీ ఏమీ లేదు. ప్రీయాంప్ విడిగా కావాలా, డబ్బాలోది చాలా? ఆ చప్పుడు ఎలా పోతుంది? ఈ రెండు ముక్కలు చెప్పు చాలు.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరుతోనే,
చెవులపిల్లి

తా.క. ఫ్రిజ్ చప్పుడేమోనని ఆపించాను. మళ్ళీ వెయ్యడం మా ఆయన మర్చిపోయాడు. పాలు విరిగిపోయాయి, చప్పుడు మాత్రం చెక్కుచెదరలేదు.


జూన్ 21, బుధవారం

ప్రియమైన కంచుకు,

నీ కార్డు అందింది. పైన పేరు లేదు, కింద సంతకం లేదు, క్షేమమా అన్న ముక్క లేదు. మొత్తం ఆరు వాక్యాలు. అయినా ఎనిమిదిసార్లు చదివాను. వంటగదిలో బల్బు కింద పెట్టి చదువుతుంటే, పరీక్షకి కూర్చున్నట్టుంది నీ అవతారం అని మా ఆయన నవ్వాడు.

నువ్వు చెప్పినట్టే మొదట గది సంగతి చూశాను. పడగ్గదిలో బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, మైకును దానికి ఎదురుగా, చదివే మనిషి వీపు బీరువా వైపు ఉండేలా పెట్టాను. కిటికీకి రెండు దళసరి దుప్పట్లు. గోడ గడియారం బాత్రూములోకి. ఫ్యాను బంద్. ఫ్రిజ్ ఆపినప్పుడల్లా ఇంటి తాళాలు అందులో పెట్టమన్నావు చూడు, అది బాగా పనిచేసింది. బయటికెళ్ళబోయే ప్రతిసారీ మా ఆయన చల్లటి తాళాలు చేతిలో పట్టుకుని నిన్ను తలుచుకుంటున్నాడు. ఏమని తలుచుకుంటున్నాడో అడక్కు.

గది మారేసరికి అమ్మాయి గొంతు దగ్గరికొచ్చింది. అంతకుముందు బావిలోంచి మాట్లాడినట్టుండేది. ఈ మార్పు ముందు డబ్బాల మధ్య తేడా ఒక తేడానే కాదు. నీ కార్డులో మొదటి వాక్యం అదే, ముందు గది, తర్వాత మైకు, ఆ తర్వాతే డబ్బా అని. ఇంత చిన్న ముక్క నాకెందుకు తట్టలేదంటే, స్టూడియోలో గది ఎవరో కట్టి ఇచ్చారు. దాన్ని నేనెప్పుడూ గమనించలేదు.

ఇక పోలిక. రెండు డబ్బాల్ని పోల్చేటప్పుడు చప్పుడు స్థాయి సమానం చెయ్యకపోతే, కాస్త పెద్దగా వినిపించేదే మంచిదనిపిస్తుందని హెచ్చరించావు. ఈ పాఠం ఒకప్పుడు నేనే నీకు చెప్పాను. తిప్పి నాకే పెట్టావు, బాగుంది. అదే వాక్యం, మైకు నుంచి అదే జానెడు దూరం, మీటరు మీద ముల్లు అదే గీత దగ్గర ఆగేలా మూడింటినీ సరిచేశాం. మా దగ్గర కరెంటు అక్కర్లేని మొండి మైకు ఒకటి ఉంది, అది పెట్టినప్పుడు గొంతును పెంచే గెయిన్ మర దాదాపు చివరిదాకా తిప్పాల్సి వచ్చింది. అక్కడ బయటపడింది అసలు గుణం. నీలం డబ్బా కీచుమంది. బూడిదరంగుది నిలబడింది. తాత ఇనుప పెట్టె గొంతుకి కొంచెం నిండుదనం ఇచ్చినమాట నిజమే, కానీ తలుపు అవతల నిలబడి వింటే ఆ నిండుదనం నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకో మైకు ఉంది, డబ్బా నుంచే కరెంటు తీసుకునేది. అది పెడితే గెయిన్ సగం కూడా తిప్పక్కర్లేదు. అప్పుడు విడి ప్రీయాంప్ దండగ. నీ కార్డులో ఇదే రాశావు, ఒక్క వాక్యంలో. నాకు తొమ్మిది రోజులు పట్టింది.

కానీ ఆ సుయ్ చప్పుడు పోలేదు కంచూ. మూడింట్లోనూ ఒకేలా ఉందంటే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతుకు అన్నావు. వెతికాను. వైరు మార్చాను. ఉంది. కంప్యూటరు మార్చాను, అల్లుడి దాంతో. ఉంది. గోడ ప్లగ్గు తీసేసి బ్యాటరీతో నడిపాను. ఉంది. మైకు మార్చాను. హెడ్‌ఫోన్స్ మార్చాను. పక్కింటివాళ్ళ గదిలో పెట్టి చూశాను, వాళ్ళు పాపం మంచివాళ్ళు, సోఫాలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. అక్కడా ఉంది. నాకు చెడ్డ పట్టుదల వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కూడా ఇంత ఆసక్తిగా ఒక చప్పుడు వెంట పడలేదు. పొద్దున లేవగానే కాగితం మీద ఇంకొక అనుమానం రాసుకుంటున్నాను.

నువ్వు చెప్పిన గుడ్డి పరీక్ష కూడా పెట్టింది అమ్మాయి. నేను గోడకి ముఖం పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌తో కూర్చున్నాను. అది వెనక వైర్లు మారుస్తూ నంబరు మాత్రం చెప్పేది. నేను కాగితం మీద మార్కులు వేశాను. మాటతో మూడు నంబర్లు సరిగ్గా పట్టేశాను, ఏది ఏ డబ్బానో సహా. నా సంగతి నీకు తెలుసుగా! తర్వాత మాట లేకుండా ఉత్త ఖాళీ వినిపించి, చప్పుడు ఎంత తక్కువుంటే అన్ని ఎక్కువ మార్కులు వెయ్యమంది. ఈసారి నాలుగు నంబర్లు చెప్పింది. నాలుగోది ఇంకెవరిదో అరువు తెచ్చినట్టుంది, నాకు ముందు చెప్పలేదు. ఒకటికి ఆరు వేశాను, రెండుకి నాలుగు, మూడుకి ఐదు. నాలుగో నంబరు పరమ దరిద్రం. సుయ్ తప్ప ఇంకేమీ లేదు. సున్నా వేసి కింద రెండు గీతలు గీశాను. ఇలాంటి డబ్బా అమ్మినవాణ్ణి కొట్టుతో సహా మూయించాలి.

అమ్మాయి నా కాగితం చూసి, నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకుంది. ఆ నాలుగోది ఎవరిదే అంటే తర్వాత చెబుతానంది. నేను నిన్న కూడా అడిగాను. నీళ్ళు నమిలింది. ఎవరో తెలిసినవాళ్ళదే అయ్యుంటుంది, వాళ్ళ పరువు కాపాడుతోంది.

ఇట్లు,
చెవులపిల్లి

తా.క. ఈసారి కార్డు మీద కనీసం ఒక్క అక్షరమైనా సంతకం పెట్టు. పోస్టులో ఎవరిదో అనుకుని ఇంకొకరింట్లో పడేస్తే?


జూలై 15, శనివారం

ప్రియమైన కంచుకు,

సంతకం పెట్టావు. కంచు అని రెండక్షరాలూ పూర్తిగా పెట్టావు. మోకాళ్ళు ఎలా ఉన్నాయి అనీ అడిగావు, నేను వాటి ఊసెత్తకపోయినా. మెట్లు చూస్తే మొరాయిస్తున్నాయి. చదునుగా ఉంటే నడుస్తాయి.

మీ ఆయన గుండెకి ఆపరేషను జరిగి రెండేళ్ళయిందని నీ కార్డు చూసేదాకా నాకు తెలియదు. అప్పుడు ఆసుపత్రి బల్ల మీద నీ పక్కన కూర్చోవలసినదాన్ని నేను. కూర్చోలేకపోయాను. ఆయన ఇప్పుడు పొద్దున్నే నడుస్తున్నారని రాశావు, మనసు కుదుటపడింది.

డబ్బాల తగువు తీరింది. బూడిదరంగుది కొంటున్నాం. నీలంది కొట్టాయనకి తిరిగి ఇచ్చేశాను, ఏం లోపమమ్మా అని బిక్కముఖం పెట్టాడు. లోపమేమీ లేదు, మా మొండి మైకుతో పడలేదు అన్నాను. టంకం తాత పెట్టెను మళ్ళీ మోయడానికి మా ఆయన ఒప్పుకోలేదు, ఆటోలో పంపాం. తాత దాన్ని విప్పి చూసి, లోపల అన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా, నీకేం వినపడింది అని ఫోన్లో అడిగాడు. మాట మార్చాను. ఆయనకి తొంభై దగ్గర పడుతోంది, గొంతు సన్నబడింది గానీ చేతులు వణకడం లేదట.

అమ్మాయి మొదటి పుస్తకం మొదలుపెట్టింది. పిల్లల కథలు. గుక్క తిప్పుకోవడం రాదు, వాక్యం చివర గొంతు జారిపోతుంది. నేను చెబితే మొహం మాడ్చుకుంటుంది. నువ్వు చెబితే వింటుంది, దానికి నీ గొంతంటే చెవి కోసుకునేంత ఇష్టం. కరెంటు ఆఫీసు నంబరుకి అది కూడా ఫోన్ చేసి వింది.

గది అలాగే ఉంచేశాం. దుప్పట్లు కిటికీకే వేలాడుతున్నాయి. కప్పుకోవడానికి ఏమైనా మిగిల్చారా అని మా ఆయన గొణుగుడు. గడియారం మాత్రం బాత్రూములోనే బాగుందంటాడు, స్నానం తొందరగా అవుతోందట.

నీ ఆరోగ్యం జాగ్రత్త. మీ ఆయనకు నమస్కారాలు. ఈసారి ముఖం తిప్పుకున్నా ఫరవాలేదు.

ఇట్లు,
చెవులపిల్లి

తా.క. అసలు సంగతి ఎప్పుడూ సంతకం అయ్యాకే చెబుతానని నన్ను దెప్పేదానివి. ఈసారి కూడా అంతే. పైన రాసిందంతా దీన్ని వాయిదా వెయ్యడానికే రాశాను.

నాలుగో నంబరు ఏ కంపెనీదని అడిగావు. ఏ కంపెనీదీ కాదు. నాలుగో నంబరులో డబ్బా లేదు. అమ్మాయి హెడ్‌ఫోన్స్ వైరు దేనికీ తగిలించకుండా చేత్తో పట్టుకుని నిలబడింది. నేను దానికి సున్నా వేసి రెండు గీతలు గీశాను.

పది రోజులు దాచి చివరికి చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తల్లినే పరీక్షిస్తావా అని కేకలేశాను. మళ్ళీ పెట్టమన్నాను. వైరు తగిలించి ఒకసారి, తగిలించకుండా ఒకసారి, ఎలా పడితే అలా, ఇరవైసార్లు. ఇప్పుడు చప్పుడుందా అమ్మా అని అడగడం, ఉంది అనడం. ఇరవైసార్లూ ఉంది అన్నాను. పన్నెండుసార్లు వైరు గాల్లోనే ఉందట. ఆ కాగితం చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది.

చెవి డాక్టరు దగ్గరికి అదే తీసుకెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినగానే మీట నొక్కమన్నారు. మన స్టూడియోలాగే ఉంది ఆ గది, కాకపోతే ఈసారి అద్దానికి అవతల కూర్చున్నది నేను కాదు. నేను మీట నొక్కడం ఆపేశాక కూడా డాక్టరమ్మ చాలాసేపు మరలు తిప్పుతూనే ఉంది. సన్నటి చప్పుళ్ళు చాలావరకు నాకు పోయాయట. పోయినచోట చెవే ఒక చప్పుడు పుట్టించుకుంటుందట. ఊరికే తిరిగేటప్పుడు తెలియదు, నిశ్శబ్దంలో కూర్చుని చెవులు రిక్కిస్తే తెలుస్తుంది. నా ఉద్యోగమంతా అదే కదా. ఎప్పుడైనా గట్టి జ్వరం, చెవి నొప్పి వచ్చాయా అని అడిగింది. తొమ్మిదేళ్ళ కిందట మూడు వారాలు అన్నాను. ఖాయంగా చెప్పలేను గానీ అప్పుడే మొదలై ఉంటుంది అంది. ఆ మాట నాకు బాగా వినపడింది.

ఇంటికొచ్చి బీరువా అడుగు సొరుగు తెరిచాను. నీ నవల ఉన్న డిస్కు నా దగ్గరే ఉంది. మేనేజరు పారెయ్యమంటే, ఎప్పటికైనా నేను చెప్పిందే నిజమని చూపించడానికి సాక్ష్యంగా దాచుకున్నాను. నా బుద్ధి అలాంటిది. నువ్వు మీసాలాయనతో చదివిన పన్నెండు అధ్యాయాలు అమ్మాయి కంప్యూటరులో పెట్టి చూసింది. మాట ఉన్నచోట తెర మీది గీత పొంగుతోంది, ఆగినచోట బల్లపరుపుగా ఉంది, అంటే అక్కడ ఏ చప్పుడూ లేదన్నమాట. నాకు మాత్రం సుయ్ మంటూనే ఉంది.

తర్వాత ఒక పని చేశాను. ఆ రోజే చెయ్యవలసిన పని. జ్వరానికి ముందు నేనే కూర్చుని, నా చేత్తో రికార్డు చేసిన మొదటి తొమ్మిది అధ్యాయాల్లో ఒకటి పెట్టి విన్నాను. అందులోనూ అదే సుయ్. ఆ రోజు ఒక్క నిమిషం అది పెట్టి విని ఉంటే నాకు అక్కడే తెలిసిపోయేది. నేను చేసినవి మళ్ళీ వినాల్సిన పనేముంది అనుకున్నాను కంచూ. పరాయివాళ్ళు చేసినవి మాత్రమే విన్నాను.

నువ్వు వెళ్ళిపోయాక స్టూడియోలో రెండు మిక్సర్లు మార్పించాను, వైర్లు మూడుసార్లు మార్పించాను. అందరూ నా చెవులకి దణ్ణం పెట్టారు తప్ప, నీకేమైనా అయిందా అని ఒక్కరూ అడగలేదు. అడిగినా నేను ఊరుకునేదాన్ని కాదు.

మేనేజరుకి ఉత్తరం రాశాను. ఆ పన్నెండు అధ్యాయాలు స్టూడియోలోనే, శుభ్రంగా జరిగాయనీ, తప్పు నా చెవిదనీ రాసి సంతకం పెట్టాను. ఆయన ఫోన్ చేశాడు. పక్కన పడేసిందే కదా, ఆ గ్రంథాలయానికి పనికొస్తే తీసుకోండి అన్నాడు. మీసాలాయనకి కూడా రాయాలి. ఆయన అడ్రసు వెతుకుతున్నాను.

గ్రంథాలయం వాళ్ళ దగ్గర ఆ నవల లేదట. ముప్పై ఒక్క అధ్యాయాల్లో ఇరవై ఒకటి నీ గొంతులో సిద్ధంగా ఉన్నాయి. పది మిగిలాయి. నువ్వు చదువుతానంటే మీ ఇంట్లోనే, నీ చవక డబ్బాతోనే చదువు, దాన్ని నేను ఇంకెప్పుడూ ఏమీ అనను. చదవనంటే అదీ నీ ఇష్టం. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు, కాగితం మీద కనుక అడుగుతున్నాను. నువ్వు వేచి ఉండమన్నావుగా, ఉంటాను.

ఈ కవరులో చిన్న పెన్‌డ్రైవ్ ఉంది. ఇరవై ఒక్క అధ్యాయాలూ అందులోకి ఎక్కించింది అమ్మాయి. మొదటినుంచి చివరిదాకా విని, ఎక్కడా ఏ చప్పుడూ లేదమ్మా అంది. నాకు వినిపిస్తూనే ఉంది. అయినా ఈసారి నా చెవుల్ని పక్కనపెట్టి దాని మాట నమ్మాను. ఆ రోజు నీ మాట నమ్మి ఉండాల్సింది.